బ్రస్సెల్స్ చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించడం ఎలా?

విశాఖ రేవులో ఎక్కించిన రొయ్యల కంటైనర్ యాంట్‌వెర్ప్‌లో తనిఖీకి ఆగిపోయిందనుకోండి. ఆపింది బెల్జియం అధికారే. కానీ ఎన్ని కంటైనర్లను ఆపి చూడాలో, ఏ మందు అవశేషం ఎంత ఉంటే సరుకు వెనక్కి పోవాలో యూరోపియన్ యూనియన్ (ఈయూ) నిబంధనలే తేలుస్తాయి. ఆ నిబంధనల వెనక పెద్ద చెయ్యి బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్‌ది, అంటే ఈయూ కార్యనిర్వాహక విభాగానిది. కాఫీ ఏ నేల చెక్కలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపించమనే చట్టం ప్రతిపాదన అక్కడిదే. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం దిగుమతుల మీద కార్బన్ వసూలూ అక్కడిదే. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మన కుర్రాడి బ్లూ కార్డు (బయటి దేశాల నిపుణులకిచ్చే నివాస, ఉద్యోగ అనుమతి) షరతుల మూలమూ అక్కడిదే.

ఇంత పెద్ద యంత్రాంగాన్ని "ఎందుకిలా చేశారు?" అని అడిగే దారి మామూలు మనిషికి ఉందా? ఉంది, కాస్త చుట్టు తిరిగి వెళ్లాలి. యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు ప్రశ్న వేస్తే కమిషన్ నోటితోనో రాతతోనో జవాబు చెప్పి తీరాలి. ఈయూ పనితీరు ఒప్పందం 230వ అధికరణం ఆ బాధ్యతను దాని మెడలో వేసింది. మీరు ఈయూ దేశంలో ఉంటున్న తెలుగువాళ్లయితే ఆ ప్రశ్న మీ దగ్గర పుట్టి సభ్యుడి సంతకంతో వెళ్లవచ్చు.

మన లోక్‌సభలో నక్షత్ర గుర్తు లేని ప్రశ్నల గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే అక్కడ లాటరీ లేదు. మన దగ్గర ఒక రోజుకు తీసుకునే 230 రాత ప్రశ్నల్లో చోటు దక్కాలంటే అదృష్టం కూడా కలిసిరావాలి. అక్కడ 720 మంది సభ్యుల్లో ఎవరైనా ఎప్పుడైనా ప్రశ్న దాఖలు చేయవచ్చు, మూడు నెలల వ్యవధిలో ఒక్కొక్కరికి 20 దాటకూడదు, అంతే. అందుకే ఏటా వేల ప్రశ్నలు పడుతుంటాయి, వాటిలో చాలా వాటికి వచ్చే జవాబు ఆకుకు అందదు, పోకకు పొందదు. తప్పు చాలాసార్లు ప్రశ్నలోనే ఉంటుంది. తప్పించుకునే సందు లేకుండా అడగడం మీద కూర్చుంటే మిగతాదంతా గుమాస్తా పనే.

ముందు తేల్చుకోండి: అది కమిషన్ పనేనా?

పార్లమెంటు నియమావళి పెట్టిన షరతుల్లో ముఖ్యమైనది ఇదే. ప్రశ్న ఎవరిని ఉద్దేశించిందో వాళ్ల అధికార పరిధిలో ఉండాలి. పరిధి దాటిన ప్రశ్నకు జవాబు రాయడం కమిషన్ అధికారులకు మహా సులువు. "ఈ విషయం సభ్య దేశాల బాధ్యత" అని ఒక వాక్యం రాసి ఫైలు మూసేస్తారు.

వాణిజ్యం విషయంలో బెంగ లేదు. సుంకాలు, వాణిజ్య ఒప్పందాలు పూర్తిగా ఈయూ చేతిలోనివి. భారత్‌తో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2007లో మొదలుపెట్టిందీ, 2013లో ఆగాక 2022లో మళ్లీ కూర్చుందీ కమిషనే గానీ జర్మనీయో ఫ్రాన్సో కాదు. పర్యావరణం ఉమ్మడి వ్యవహారం. చట్టం ఈయూది, అమలు దేశాలది. సామాజిక విధానం దగ్గరికి వచ్చేసరికి నేల జారుతుంది. ఒప్పందంలోని 153వ అధికరణం ఐదో పేరా జీతాలను, సంఘం పెట్టుకునే హక్కును, సమ్మె హక్కును ఆ అధికరణం పరిధిలోంచి తీసేసింది. డబ్లిన్‌లో అద్దెలు, బెర్లిన్‌లో నివాస పత్రం కోసం దొరకని అపాయింట్‌మెంట్లు, ఇవన్నీ నిజమైన బాధలే. నేరుగా అడిగితే మాత్రం బుట్టదాఖలే.

మరి ఏం చేయాలి? ఆ బాధకు ఈయూ చట్టంలో ఎక్కడో ఒక కొస తగులుతుంది, దాన్ని పట్టుకోవాలి. 2021/1883 నంబరు బ్లూ కార్డు ఆదేశం పూర్తి దరఖాస్తు అందిన 90 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలంటుంది. "బెర్లిన్ ఆఫీసులో ఆలస్యం అవుతోంది" అంటే అది జర్మనీ గొడవ. "90 రోజుల గడువును సభ్య దేశాలు పాటిస్తున్నాయో లేదో కమిషన్ ఎలా పరిశీలిస్తోంది? ఏ దేశానికైనా దీని మీద లేఖ రాసిందా?" అంటే అది కమిషన్ గొడవ. మనిషి బాధ అదే, గుమ్మం మారింది. ఐర్లండ్, డెన్మార్క్‌లకు ఈ ఆదేశం వర్తించదు కాబట్టి అక్కడివాళ్లు వేరే కొస వెతుక్కోవాలి.

పర్యావరణానికి మన దగ్గరి ఉదాహరణ పటాన్‌చెరు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. యూరప్‌లో ఆ కథనం చదివిన ఆవేశంలో ఎవరైనా రాసే ప్రశ్న "హైదరాబాద్ శివార్లలో కాలుష్యాన్ని ఆపడానికి కమిషన్ ఏం చేస్తుంది?" అన్నదే. జవాబు చదవకుండానే చెప్పవచ్చు, అది భారత అధికారుల పరిధి అని. ఇప్పుడు ఇదే విషయాన్ని యూరప్ వైపు నుంచి చూడండి. యూరప్ మార్కెట్‌కు మందులు పంపే ఫ్యాక్టరీ ఈయూ ఉత్తమ తయారీ పద్ధతులను పాటించాలి, ఇన్‌స్పెక్టర్లు వెళ్లి చూస్తారు కూడా. అయితే ఆ తనిఖీ మాత్ర నాణ్యతను చూస్తుంది, కాలువలోకి వదిలే నీటిని కాదు. పర్యావరణంలో కలుస్తున్న ఔషధాల మీద 2019 మార్చిలో కమిషన్ సొంతంగా ఒక వ్యూహపత్రం ప్రకటించింది. కాబట్టి "తయారీ పద్ధతుల నిబంధనల్లో వ్యర్థజలాల షరతు చేర్చే అవకాశాన్ని ఆ పత్రం వచ్చాక కమిషన్ పరిశీలించిందా? పరిశీలిస్తే ఏం తేల్చింది?" అని అడగండి. దీన్ని ఢిల్లీ మీదికి నెట్టడానికి వీల్లేదు.

పాత జవాబులు తవ్వండి

ఇది విసుగు పుట్టించే పని, అయినా తప్పదు. ఇదే ప్రశ్నకో ఇలాంటి దానికో గత ఆరు నెలల్లో జవాబు వచ్చి ఉంటే, పార్లమెంటు సచివాలయం ఆ పాత జవాబు నకలును సభ్యుడి చేతిలో పెడుతుంది. కొత్త పరిణామం ఏదైనా జరిగితే తప్ప ప్రశ్న కమిషన్ దాకా పోదు.

పార్లమెంటు వెబ్‌సైట్లో పార్లమెంటరీ ప్రశ్నలకు వేరే విభాగం ఉంది. సభ్యుడి పేరు, తేదీ, నంబరు, పదం, దేనితోనైనా వెతకవచ్చు. ప్రతి ప్రశ్నకూ అక్షరంతో మొదలయ్యే నంబరుంటుంది. 'ఇ' అంటే మామూలు రాత ప్రశ్న, 'పి' అంటే ప్రాధాన్య ప్రశ్న, 'ఓ' అంటే సభలో నోటితో అడిగేది. తర్వాత ఆరంకెల వరుస సంఖ్య, గీత, సంవత్సరం. ఈ నంబరును అలాగే రాసిపెట్టుకోండి. ముందు ముందు ప్రతి ఉత్తరంలోనూ దీనితోనే పని.

వెతికేటప్పుడు మన మాటలు పనికిరావు, కమిషన్ మాటలు కావాలి. వాళ్లకు భారత్ అంటే "థర్డ్ కంట్రీ". సరిహద్దు పరీక్షలు "అఫీషియల్ కంట్రోల్స్". రొయ్యలు చాలాసార్లు "ఆక్వాకల్చర్ ప్రొడక్ట్స్" అనే మూటలో దాక్కుంటాయి. ఇంకో చిట్కా: ప్రశ్నలు 24 అధికార భాషల్లో ఏ భాషలోనైనా పడవచ్చు. రొయ్యల మీద స్పెయిన్, ఫ్రాన్స్ సభ్యులు కూడా ప్రశ్నలు వేసి ఉండవచ్చు. స్పానిష్‌లో "కమరోన్", "లాంగోస్తీనో", ఫ్రెంచ్‌లో "క్రెవెట్" అని కూడా కొట్టి చూడండి. ఇంగ్లీషు వెతుకులాటలో కనబడనివి అక్కడ తగలవచ్చు.

ఇప్పుడు రాయండి

నియమావళి అనుబంధంలో లెక్కలు కరాఖండీగా ఉన్నాయి. 200 పదాలు దాటకూడదు. ఉపప్రశ్నలు మూడు దాటకూడదు. సాధారణ ప్రయోజనం ఉండాలి, పూర్తిగా సొంత వ్యవహారం కాకూడదు. దూషణ ఉండకూడదు. ప్రశ్న ఏమిటో చదివితే అర్థం కావాలి. చివరిది నియమంగా రాయాల్సి వచ్చిందంటేనే ఎలాంటి ప్రశ్నలు వస్తుంటాయో ఊహించుకోండి.

రొయ్యల విషయమే తీసుకుందాం. మొదటిసారి రాసేవాళ్లు సాధారణంగా పంపేది ఇలా ఉంటుంది: గోదావరి జిల్లాల రైతు కష్టం, మేత ధర, కరెంటు బిల్లు, కౌంటు రేటు పడిపోవడం, దాని మీద యూరప్ తనిఖీల దెబ్బ, చివర్లో "ఇది అన్యాయం కాదా? కమిషన్‌కు ఈ విషయం తెలుసా? ఏం చర్యలు తీసుకుంటారు?" అని. చాటభారతమంత ఉత్తరం, చివర మూడు ప్రశ్నలు, మూడూ వృథా. "అన్యాయం కాదా" అనేది అభిప్రాయం, దానికి జవాబుండదు. "తెలుసా" అంటే "తెలుసు" అంటారు, అక్కడికి సరి. "ఏం చర్యలు" అన్నదే అన్నిటికన్నా ప్రమాదం. ఇప్పటికే చేస్తున్న పనులన్నీ ఒక పేరాలో పేర్చి, ఇవే చర్యలు అని చూపించే అవకాశం మీరే చేతికిచ్చినట్టు.

దాన్నే ఇలా తిప్పి రాయవచ్చు. ఈయూ అధికార భాషలో పంపాలి కాబట్టి మీరు ఇంగ్లీషులోనే రాస్తారు. ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను:

"భారత్ నుంచి వచ్చే ఆక్వా ఉత్పత్తుల్లో సరిహద్దు దగ్గర నమూనా పరీక్షకు వెళ్లే వాటాను 2016లో 2016/1774 అమలు నిర్ణయం ద్వారా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఈ పరీక్షలు క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్, నైట్రోఫ్యూరాన్ వంటి మందుల అవశేషాల కోసం. వినియోగదారుడి ఆరోగ్యానికి పరీక్షలు అవసరం. వాటి ఖర్చు, ఆలస్యం దిగుమతిదారులపై, ధరలపై పడతాయి కాబట్టి వాటా ఏ ఆధారంపై నిర్ణయిస్తున్నారో అందరికీ తెలియాలి.

1. ఈ వాటాను పెంచడానికైనా తగ్గించడానికైనా కమిషన్ ఏ కొలమానాలు వాడుతుంది?

2. గత మూడేళ్లలో ఏటా ఎన్ని సరుకులను పరీక్షించారు, వాటిలో ఎన్ని విఫలమయ్యాయి?

3. ఈ అవశేషాలపై భారత్‌లో కమిషన్ జరిపే తదుపరి ఆడిట్ ఏ సంవత్సరపు కార్యక్రమంలో ఉంది?"

ఇందులో రైతు మాట లేదని నొచ్చుకోకండి. ప్రశ్న వేసే సభ్యుడికి ఓట్లు భీమవరంలో లేవు. ఆయన ఊళ్లో రొయ్యలు తినేవాళ్లున్నారు, దిగుమతి చేసుకునే చిన్న కంపెనీలున్నాయి. వాళ్ల వైపు నుంచి మొదలుపెడితేనే ఆయన సంతకం పెడతాడు. రైతుకు కావాల్సిన సమాచారం అటు నుంచి అడిగినా వస్తుంది.

రెండో ఉపప్రశ్న ఎందుకలా రాశానో చూడండి. ఆహారం మీద సత్వర హెచ్చరికల వ్యవస్థ ఒకటుంది. ఏ సరుకులో ఏం దొరికిందో అందులో అందరికీ కనబడుతుంది. 2020 సెప్టెంబరులో మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని బెల్జియం చాటింది ఆ దారిలోనే. తర్వాతి నెలలోనే భారత నువ్వులపై 50 శాతం తనిఖీ పెట్టారు. అక్కడ దొరికే అంకెలే మీరు అడిగితే జవాబులో ఒక లింకు ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అక్కడ లేనిది ఒకటుంది: మొత్తం ఎన్ని పరీక్షించారు అన్నది. ఏడాదికి 20 విఫలమయ్యాయనుకుందాం. పరీక్షించినవి 200 అయితే ఒక కథ, 4,000 అయితే ఇంకో కథ. అందుకే రెండు అంకెలూ ఒకే వాక్యంలో అడగాలి. విడిగా అడిగితే ఒకటి ఇచ్చి ఒకటి మింగేస్తారు.

ఆడిట్ మాట కూడా గాలిలోంచి రాలేదు. కమిషన్ ఆరోగ్య విభాగానికి ఐర్లండ్‌లోని గ్రేంజ్‌లో ఆడిట్ కేంద్రం ఉంది. అక్కడి బృందాలు ఎగుమతి దేశాలకు వెళ్లి చూసి రాసిన నివేదికలు ప్రచురిస్తారు. ప్రశ్న రాసే ముందు భారత్ మీద ఉన్న తాజా నివేదిక చదవండి. అందులో "ఈ సిఫార్సు ఇంకా నెరవేరలేదు" అనే తరహా వాక్యం ఒక్కటి దొరికినా మీ ప్రశ్నకు దానికి మించిన మొదటి వాక్యం ఉండదు. కమిషన్ తన మాటను తానే కాదనలేదు.

ఏ సభ్యుడి దగ్గరికి వెళ్లాలి?

మీరు ఉండే దేశాన్ని బట్టి దారి మారుతుంది. ఐర్లండ్‌లో 14 మంది సభ్యులు, మూడు నియోజకవర్గాలు. డబ్లిన్‌లో ఉంటే మీవాళ్లు నలుగురు. జర్మనీకి 96 మంది, దేశమంతా ఒకటే నియోజకవర్గం, పోటీ పార్టీల జాబితాల మధ్య. అంటే మీ వీధికి ప్రత్యేకంగా ఒక సభ్యుడు అంటూ ఉండడు, విషయాన్ని బట్టి ఎంచుకోవాలి. పర్యావరణం, ఆహార భద్రతకు ఒక కమిటీ, అంతర్జాతీయ వాణిజ్యానికి ఒకటి, ఉపాధి, సామాజిక వ్యవహారాలకు ఒకటి ఉన్నాయి. భారత్‌తో సంబంధాలకు ప్రత్యేక ప్రతినిధి బృందం ఉంది. మీ దేశం సభ్యుల్లో ఈ రెండు జాబితాల్లోనూ పేరున్నవాళ్లు తగిలితే ముందు వాళ్లకే రాయండి. అయితే భారత్ బృందంలో ఉన్నంత మాత్రాన భారత్ మీద ప్రేమ ఉందనుకోవద్దు. ఆ సభ్యుడు గతంలో వేసిన ప్రశ్నలు అరగంట చదివితే గాలి ఎటు వీస్తుందో తెలిసిపోతుంది.

మీకు ఓటు లేకపోవచ్చు. ఈయూ పౌరసత్వం లేనివాళ్లకు ఆ ఎన్నికల్లో ఓటు ఉండదు. అయినా వెనకాడనక్కర్లేదు, తమ దేశంలో ఉండి పన్ను కట్టే మనిషి పద్ధతిగా రాస్తే చూసే ఆఫీసులున్నాయి. స్థానిక సంఘంతోనో, దిగుమతిదారుల సంఘంతోనో కలిసి రాస్తే ఇంకా నయం. బ్రిటన్‌లోని తెలుగువాళ్లకు మాత్రం 2020 జనవరి 31 తర్వాత ఈ గుమ్మం లేదు. వాళ్లు వెస్ట్‌మినిస్టర్ చూసుకోవాల్సిందే.

ఉత్తరం చదివేది సాధారణంగా సభ్యుడు కాదు, ఆయన సహాయకులు. వాళ్లకు కావాల్సింది ఒక్క పేజీ. మీరెవరో ఒక వాక్యం, విషయం సభ్యుడి ఓటర్లకు ఎందుకు పట్టాలో రెండు వాక్యాలు, తర్వాత 200 పదాల్లోపు తయారైన ప్రశ్న. దాని కింద చట్టం నంబరు, పాత ప్రశ్నల నంబర్లు, ఆడిట్ నివేదిక లింకు. మూడు నెలల కోటాలో ఒకటి మీకోసం ఖర్చు చేయమంటున్నారు కదా, వాళ్ల పని తగ్గించి అడిగితేనే మర్యాద. ఒకే ప్రశ్నను ఒకేసారి పదిమందికి పంపవద్దు. ఇద్దరు దాఖలు చేస్తే ఒకరిది నకలుగా తేలుతుంది, ఆ ఆఫీసు మీ తర్వాతి ఉత్తరం తెరవదు.

ఎదురుచూపు

మామూలు ప్రశ్నకు గడువు ఆరు వారాలు. ప్రాధాన్య ప్రశ్నకు మూడు వారాలు, కానీ సభ్యుడికి నెలకు ఒక్కటే దక్కుతుంది. రొయ్యల అంకెల వంటి వాటికి ప్రాధాన్యం అడగకండి. తొందరపెడితే అంకెలు పోగుచేయడానికి టైమ్ లేదనే సాకుతో పలచటి జవాబు వస్తుంది. నిబంధన అమల్లోకి రావడానికి నెల రోజులే ఉందనుకుంటే అప్పుడు సరే.

గడువు దాటడం అక్కడా మామూలే. జవాబును ముందు సంబంధిత విభాగం అధికారులు రాస్తారు, మిగతా విభాగాలు చూస్తాయి, కమిషనర్ ఆఫీసు దిద్దుతుంది. దాటిపోయిన ప్రశ్నను సంబంధిత కమిటీ తన సమావేశం ఎజెండాలో పెట్టించవచ్చు. ఆ మాట సహాయకుడికి మెల్లగా గుర్తుచేయండి. ఆగస్టులో బ్రస్సెల్స్ ఖాళీగా ఉంటుంది, ఆ నెలలో పంపిన ఉత్తరం అడుగున పడిపోతుంది.

జవాబు చదవడం

సాధారణంగా ఒక పేజీ కూడా ఉండదు. పైన నంబరు, "కమిషన్ తరఫున" ఇచ్చిన కమిషనర్ పేరు, తేదీ. వాక్యాలు నున్నగా ఉంటాయి. కొన్ని మాటలు పదేపదే వస్తాయి, వాటి వెనక ఏముందో తెలుసుకుంటే చాలు.

"కమిషన్‌కు ఈ విషయం తెలుసు" అంటే చాలాసార్లు అంతకుమించి చేసిందేమీ లేదనే. "నిశితంగా గమనిస్తోంది" అంటే నిర్ణయం తీసుకోలేదు, తీసుకునే తొందరా లేదు. "చర్చలు కొనసాగుతున్నందున వ్యాఖ్యానించలేం" అంటే వాణిజ్య ఒప్పందం తాలూకు తలుపు దగ్గర ఉన్నారు, ఆ గుమ్మంలో ఇక పట్టుబట్టి లాభం లేదు. "సభ్య దేశాల బాధ్యత" అంటే మీ మొదటి అడుగే తప్పింది, లేదా వాళ్లు తెలివిగా పక్కకు తప్పుకున్నారు. రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి మీరు చూపిన చట్టం మళ్లీ తెరవాలి. "తగిన సమయంలో" అంటే తేదీ చెప్పరు. మూడు ఉపప్రశ్నల్లో రెండింటికే జవాబు ఉంటే మూడోదానికి ఏమైందో వెతకండి. నీళ్లు నమిలిన చోటే మీకు కావాల్సినది ఉంటుంది.

అసలు సరుకు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైన రెండు పేరాలు గాలి మాటలే అయినా, కింది పాదసూచికల్లో చట్టం నంబర్లు, అధ్యయనాలు, ఆడిట్ నివేదికలు, మీకు తెలియని పాత ప్రశ్నల నంబర్లు దొరుకుతాయి. నేనైతే జవాబును కింది నుంచి పైకి చదువుతాను.

తేదీ మరిచిపోవద్దు. జవాబు ఇచ్చిన రోజుకే నిజం. అడవుల నరికివేతను అరికట్టే 2023/1115 నియంత్రణ (రెగ్యులేషన్) కాఫీకి కూడా వర్తిస్తుంది. పండిన ప్రతి చెక్క స్థానాన్నీ చూపించమంటుంది. నాలుగు హెక్టార్ల లోపు చెక్కకు ఒక బిందువు చాలు, అంతకుమించితే హద్దులన్నీ గీయాలి. అరకులో గిరిజన రైతుల చెక్కలు చిన్నవి, చాలామందికి ఒక్క బిందువుతో సరిపోతుంది. ఆ చట్టం మొదట 2024 డిసెంబరు 30 నుంచి అమలు కావాలి, తర్వాత ఒకసారి కాదు రెండుసార్లు వాయిదా పడింది. 2024 వేసవిలో వచ్చిన జవాబును పట్టుకుని ఈరోజు ఎగుమతిదారుకు సలహా చెబితే కొంప మునుగుతుంది. ఏ జవాబునైనా వాడే ముందు అందులో చెప్పిన చట్టం తాజా పాఠం ఒకసారి చూసుకోవాలి.

జవాబు వచ్చాక

జవాబులో ఏదైనా పత్రం ప్రస్తావన ఉండి అది బయట దొరకకపోతే, 1049/2001 నియంత్రణ కింద అడగవచ్చు. ఈయూలో నివాసం ఉన్న ఎవరికైనా ఆ హక్కుంది. గడువు 15 పనిదినాలు. మన సమాచార హక్కు దరఖాస్తులాగే కాదంటే రెండో మెట్టు దరఖాస్తు ఉంటుంది. ఆ తర్వాత ఈయూ సంస్థల మీద ఫిర్యాదులు వినే ఓంబుడ్స్‌మన్. సమస్య మీకు నేరుగా తగులుతుంటే 227వ అధికరణం కింద పార్లమెంటుకు పిటిషన్ పెట్టుకోవచ్చు, పౌరసత్వం అక్కర్లేదు, నివాసం చాలు. బ్లూ కార్డు ఆలస్యం లాంటి వాటికి ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. ప్రశ్నకు ఒక్క జవాబుతో తెర పడుతుంది, పిటిషన్ ఫైలు తెరిచి ఉంటుంది. సభలో నోటితో అడిగించడం మాత్రం పెద్దల వ్యవహారం. దానికి కమిటీయో, రాజకీయ కూటమో, కనీసం ఇరవయ్యో వంతు సభ్యులో కావాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి చదివేవాళ్లకు పిటిషన్, ఓంబుడ్స్‌మన్ హక్కులు నేరుగా లేవు. కానీ జవాబులన్నీ బహిరంగమే, వాటికి మన పార్లమెంటులో వేరే ఉపయోగం ఉంది. ఎగుమతి సరుకుకు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చే ఎగుమతి తనిఖీ మండలి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, రెండూ కేంద్ర వాణిజ్య శాఖ కిందే ఉన్నాయి. మీ ఎంపీ ద్వారా నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేయించండి, కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందులో కమిషన్ జవాబు నంబరు, తేదీ రాసి, అదే మూడేళ్లకు అవే అంకెలు అడగండి: ఎన్ని సరుకులు పరీక్షకు వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఏ మందు కారణంగా. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు కలవకపోతే ఆ తేడాను ఒక వాక్యంగా రాసి బ్రస్సెల్స్‌లోని సహాయకుడికి పంపండి. ఆరు నెలలు దాటాక వేసే రెండో ప్రశ్న దానితోనే మొదలుపెట్టవచ్చు.